మన ఊరి పాత బజారు: వెడల్పు చేయాలా, బండ్లు ఆపాలా, ఫుట్‌పాత్ వేయాలా?

సంక్రాంతికి ఊరెళ్లి బెంగళూరు తిరిగొచ్చాక ఓ పది రోజుల పాటు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. బజారు పాడైపోయింది, ఏదో ఒకటి చెయ్యాలి. ఒకాయన రోడ్డు వెడల్పు చేయాల్సిందే అంటాడు. ఇంకొకరు చర్చ్ స్ట్రీట్ ఫొటో పెట్టి మన మెయిన్ బజారూ ఇలా ఉంటే ఎంత బాగుంటుందో అంటారు. మున్సిపాలిటీలో పలుకుబడి ఉన్న పెద్దాయన కొత్త కాంప్లెక్స్ మాట ఎత్తుతాడు. మదనపల్లె, హిందూపురం, చింతామణి, బాగేపల్లి... ఊరేదైనా ఇవే మాటలు.

బెంగళూరులో ఉంటున్నందుకు మనకో సౌకర్యం ఉంది. ఊళ్లో జనం అడుగుతున్న పనుల్లో చాలావాటిని ఇక్కడ ఏదో ఒక వీధిలో చేసి చూశారు. ఎక్కడ కుదిరిందో, ఎక్కడ బెడిసికొట్టిందో ఒక శనివారం తిరిగితే కళ్లారా చూడొచ్చు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. లక్ష, లక్షన్నర జనాభా ఉన్న ఊళ్లలో కాలువ, ఫుట్‌పాత్ సరిచేసి, తోపుడు బండ్లకు చోటు చూపించి, మూతపడిన షాపులు తెరిపించడం అన్నిటికన్నా లాభసాటి. రోడ్డు వెడల్పు అన్నిటికన్నా నష్టం. మిగతావి ఊరిని బట్టి.

డబ్బు సంగతికి ముందు ఒక పూట లెక్క

వ్యాపారం ఎలా ఉందని షాపు ఓనర్లను అడిగితే నిజం బయటికి రాదు. బాగుంటే ట్యాక్స్ భయం, బాగోలేకపోతే పరువు సమస్య. అందుకే టీ కొట్టు దగ్గర మొదలుపెట్టండి. రోజుకు ఎన్ని పాల ప్యాకెట్లు పోతున్నాయి, ఐదేళ్ల కిందట ఎన్ని పోయేవి అని అడగండి. అది దాచుకోవాల్సిన పని ఆయనకు లేదు. పాలు మునుపటంతే పోతూ బట్టల షాపులు మాత్రం ఈగలు తోలుకుంటున్నాయంటే జనం వస్తున్నట్టే. కొనడమే ఫోన్లోకో, బైపాస్ మీది షోరూముల్లోకో మారింది. రోడ్డు తవ్వి రాళ్లు పరిచినంత మాత్రాన ఆ గిరాకీ వెనక్కి రాదు. పాల లెక్కే సగానికి పడిపోయిందంటే జనమే రావడం మానేశారని. అప్పుడు బస్టాండు ఎక్కడికి మారింది, ఆటోలు ఎక్కడ ఆగుతున్నాయి అన్నది ముందు చూడాలి.

తర్వాత పార్కింగ్. బండి పెట్టుకునే చోటు లేకనే గిరాకీ పోతోందన్న మాట ప్రతి మీటింగులోనూ వినిపిస్తుంది. ఉదయం పదింటికి బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ ఆపి ఉన్న స్కూటర్లను ఫోన్లో వీడియో తీయండి. మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ తీయండి. రెండింటిలోనూ అదే చోట కనిపించే బండి కొనడానికి వచ్చినవాళ్లది అయ్యుండదు. షాపు ఓనరుదో, అందులో పనిచేసే కుర్రాడిదో అయ్యుంటుంది. వాళ్ల బండ్లకు వెనక సందులో చోటు చూపిస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా కొంత జాగా దొరుకుతుంది. ఈ వీడియో చూపించేటప్పుడు మాత్రం కొంచెం నేర్పు కావాలి. వ్యాపారుల సంఘం అధ్యక్షుడి గారి బండే మొదటి ఫ్రేములో ఉండే అవకాశం ఎక్కువ.

మూసి ఉన్న షట్టర్లు కూడా అదే నడకలో లెక్కపెట్టుకోండి. వాటి సంగతికి మళ్లీ వస్తాను.

రోడ్డు వెడల్పు

పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లకు ఇది వద్దనడానికి పెద్దగా వాదన అక్కర్లేదు. సర్వేయర్ వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తు వేసిపోతాడు. ఆ రోజు నుంచి ఆ వరసలో ఎవరూ షాపుకు సున్నం కూడా వేయించరు. రేపు కూలగొట్టేదానికి ఖర్చెందుకని. ఆ 'రేపు' రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా బజారు మొత్తం పాతబడి, గోడలు పెచ్చులూడి, మనం బాగుచేయాలనుకున్న బజారు ఇంకా చెడుతుంది.

డబ్బు లెక్క చూడండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణాల్లో మార్కెట్ విలువకు దాదాపు అంతే మొత్తం సొలేషియంగా (బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం) కలిపి ఇవ్వాలి. మెయిన్ బజారు ధరల్లో ఆ డబ్బు చిన్న మున్సిపాలిటీలు భరించలేవు. అందుకని టీడీఆర్ బాండు తీసుకోమంటారు. పోయిన స్థలానికి బదులుగా ఇంకో చోట అదనంగా కట్టుకునే హక్కు, లేదా ఆ హక్కును బిల్డరుకు అమ్ముకునే వీలు. బెంగళూరులో అంతస్తు మీద అంతస్తు కావాలనే బిల్డర్లు ఉన్నారు కాబట్టి దానికి ఎంతో కొంత ధర పలుకుతుంది. మన ఊళ్లో ఉన్న పర్మిషన్‌కే మూడో అంతస్తు కట్టనివాళ్లు ఎక్కువ. అదనపు అంతస్తు హక్కు ఎవరు కొంటారు? బాండు బీరువాలోనే ఉండిపోతుంది.

దానికి తోడు షాపు లోతు. ఇరవై అడుగుల లోతున్న కొట్టులో ఎనిమిది అడుగులు పోతే మిగిలింది కొట్టు కాదు, బడ్డీ. బియ్యం బస్తాలు, బట్టల ర్యాకులు పట్టవు. పాతకాలపు కిరాణా, బట్టలు, ఇత్తడి సామాను షాపులు పోయి వాటి చోట మొబైల్ కవర్లు, జ్యూస్ కొట్లు వస్తాయి.

మా ఊళ్లో కిరాణా నడిపే ఒక మామ దీన్ని ఒక్క మాటలో తేల్చేశాడు. "రోడ్డు పెద్దదైతే లారీ ఆగకుండా పోతాది రా. నాకు కావాల్సింది ఆగేవాడు."

బెంగళూరు పేటలో అవెన్యూ రోడ్డును ఒకసారి చూసి రండి. పాత దొడ్డపేట అదే. అక్కడా వెడల్పు ప్రతిపాదన వచ్చింది, వ్యాపారులు గట్టిగా అడ్డుపడ్డారు. ఆ వీధి ఇరుకుగానే ఉంది, నడవడానికి కష్టంగానే ఉంది, అయినా పుస్తకాల నుంచి బంగారం దాకా వ్యాపారం ఆగలేదు. ఇరుకు వల్ల బజారు చచ్చిపోతుందన్న మాట ఆ వీధిలో నిలబడి అనడం కష్టం.

ఒక్క చోట వెడల్పు అవసరం ఉంటుంది. బస్సు తిరగలేక రోజూ ఇరుక్కునే మూల. ఆ మూలలో రెండు మూడు షాపులకు మంచి ధర ఇచ్చి అంతవరకే తీసుకోమనండి. ఒక మూల కోసం కిలోమీటరు పొడవునా ఎర్ర గుర్తులు వేయనివ్వొద్దు.

బండ్లు పూర్తిగా ఆపేయడం

ఫొటోల్లో అందరికీ నచ్చేది ఇదే. చర్చ్ స్ట్రీట్‌ను రాళ్లు పరిచి 2018లో తెరిచారు. 2020 నవంబరు నుంచి కొన్ని నెలల పాటు శని, ఆదివారాల్లో బండ్లు ఆపి ప్రయోగం చేశారు. నడిచేవాళ్లతో వీధి కళకళలాడింది. ప్రయోగం ముగిశాక బండ్లు మళ్లీ వచ్చేశాయి. అక్కడ కుదరడానికి కారణాలు మన ఊళ్లో ఉన్నాయా అని చూసుకోవాలి. పక్కనే మెట్రో స్టేషన్. బండ్లు వెళ్లడానికి సమాంతరంగా ఎంజీ రోడ్డు. అమ్మేవి కాఫీ, బీరు, పుస్తకాలు. కొన్న సరుకు కడుపులోనో, చేతి సంచిలోనో పడుతుంది.

మన బజారులో కొనేది పాతిక కిలోల బియ్యం బస్తా, గ్యాస్ స్టవ్, స్టీలు బిందె, పెళ్లి చీరలు. పెళ్లి చీరలంటే ఒకరు రారు. అమ్మ, అత్త, మేనత్త, పిల్లలు కలిసి ఆటోలో దిగుతారు. ఆ ఆటోను అర కిలోమీటరు అవతల ఆపేస్తే ఆ బేరం నేరుగా బైపాస్ షోరూముకే.

అమెరికాలో ఈ సంగతి పెద్ద ఎత్తున తేలింది. 1959లో మిషిగన్‌లోని కలమజూ ఊళ్లో నడివీధిలోకి కార్లు రాకుండా ఆపేశారు. దాన్ని చూసి తర్వాతి ఇరవై ముప్పై ఏళ్లలో సుమారు 200 ఊళ్లు అదే పని చేశాయి. ఎక్కువ చోట్ల షాపులు ఖాళీ అయ్యి వీధులను మళ్లీ కార్లకు తెరిచారు. కలమజూలోనే 1998లో కొంత భాగం తెరిచారు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో 1964లో మూసిన వీధిని 2017లో తెరిచింది. నిలదొక్కుకున్నవి కొలరాడోలోని బౌల్డర్, వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ లాంటివి. రెండూ యూనివర్సిటీ ఊళ్లు. వీధి పక్కనే నడిచి తిరిగే వేలమంది కుర్రాళ్లు, టూరిస్టులు ఉన్నారు.

కాబట్టి మన ఊళ్లో గుడి వీధికో, సాయంత్రం చాట్, ఇడ్లీ బండ్లు ఉండే వీధికో ఇది పనికొస్తుంది. అదీ వారంలో ఒకటి రెండు సాయంత్రాలు. మెయిన్ బజారుకు శాశ్వతంగా మాత్రం వద్దు.

ఫుట్‌పాత్, కాలువ

చూడటానికి ఇందులో మెరుపు లేదు. రిబ్బన్ కత్తిరించినా ఫొటో బాగా రాదు. నా ఓటు మాత్రం దీనికే.

ముందు ఊళ్లో ఏదైనా పాత షాపు గడప దగ్గర వంగి చూడండి. ఒకప్పుడు రోడ్డు మీద నుంచి రెండు మెట్లెక్కి షాపులోకి వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాలి. షాపు కుంగలేదు, రోడ్డే లేచింది. పాత తారు తీయకుండా దాని మీదే కొత్త పొర వేసుకుంటూ పోయారు. వాన పడితే నీళ్లు లోపలికి వస్తాయి, అందుకని ఓనరు గడప ముందు సిమెంటు కట్ట పోశాడు. ఆ కట్ట కాలువ మీదికి వచ్చింది. కాలువ మీది బండలను సిమెంటుతో మూసేశారు, కాబట్టి పూడిక తీయడానికి లేవవు. పూడిక తీయకపోతే నీళ్లు పొంగుతాయి, పక్క షాపువాడు తన కట్ట ఇంకాస్త ఎత్తు చేస్తాడు. ఒక్కో షాపు ముందు ఒక్కో ఎత్తు. ముసలివాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు ఆ ఎత్తుపల్లాల్లో నడవలేక రోడ్డు మధ్యకు వస్తారు. అప్పుడు బండ్లు ఆగుతాయి. ట్రాఫిక్ జామ్ అని మనం తిట్టుకునేదాని మూలం చాలాసార్లు ఈ గడప దగ్గరే ఉంటుంది.

టెండర్‌లో ఏం రాయించాలో కూడా అక్కడే తెలుస్తుంది. కొత్త పొర వేసేముందు పాత తారు గీకి తీయాలి. కాలువ మీది బండలకు ఇనుప కొక్కేలు ఉండాలి, ఇద్దరు మనుషులు ఎత్తేంత బరువే ఉండాలి. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఈ రెండు కొలతలు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల్లో ఉన్నవే, కాబట్టి ఇంజినీరు కాదనలేడు.

కొలత సరిపోతుందా అంటే, ముప్పై అడుగుల వీధి అంటే సుమారు 9.1 మీటర్లు. రెండు వైపులా కలిపి 3.6 మీటర్లు ఫుట్‌పాత్‌కు పోతే 5.5 మీటర్లు మిగులుతుంది. ఆటోలు, స్కూటర్లు రెండు వైపులా పోవచ్చు. లేదంటే వన్‌వే చేసి ఒక పక్క బండ్లు ఆపుకోవచ్చు. రెండూ కావాలంటే కుదరదు. ఇరవై ఐదు అడుగుల వీధైతే మిగిలేది నాలుగు మీటర్లే. అక్కడ వన్‌వే తప్ప దారి లేదు. ఈ లెక్క మీటింగులో బోర్డు మీద వేసి చూపిస్తే సగం గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి. మిగతా సగం వన్‌వే ఏ వైపుకు అన్నదాని మీద.

బెంగళూరులో దీనికి నమూనా టెండర్ ష్యూర్ అనే పథకం కింద వేసిన రోడ్లు: రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు, విఠల్ మాల్యా రోడ్డు. కరెంటు, కేబుల్, నీళ్ల పైపులు ఫుట్‌పాత్ కింద గొట్టాల్లో పోతాయి కాబట్టి ప్రతి కనెక్షన్‌కూ రోడ్డు తవ్వాల్సిన పని ఉండదు. బండ్లు పోయే వెడల్పు వీధి పొడవునా ఒకేలా ఉంటుంది. ఖర్చు మామూలు తారు రోడ్డుకంటే చాలా ఎక్కువ. మన ఊళ్లకు అంత అక్కర్లేదు, కానీ ఫుట్‌పాత్ వేసేటప్పుడే ఖాళీ గొట్టాలు రెండు పూడ్చిపెట్టమని అడగండి. రేపు ఇంటర్నెట్ కేబులువాడు కొత్త బండలు పగలగొట్టకుండా ఉంటాడు.

పని నాణ్యత సంగతి కమర్షియల్ స్ట్రీట్ చెబుతుంది. 2021లో అక్కడ పరిచిన రాళ్ల మీద ఫిర్యాదులు వచ్చి మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. పనికి పట్టే కాలం సంగతి బసవనగుడి గాంధీ బజార్ చెబుతుంది. అక్కడ బండ్లు రాకుండా ఆపడాన్ని వ్యాపారులు ఒప్పుకోలేదు, పనులు అనుకున్నదానికన్నా చాలా ఆలస్యమయ్యాయి. అంతకాలం తవ్విన వీధిలో పూలమ్మేవాళ్లు, పళ్లవాళ్లు ఎలా బతకాలి? మన ఊళ్లో అయితే వంద మీటర్ల ముక్క పూర్తిచేసి బిల్లు పాసయ్యాకే తర్వాతి ముక్క తవ్వాలని షరతు పెట్టించండి. దసరా నుంచి సంక్రాంతి దాకా తవ్వకం వద్దనండి.

కొత్త కాంప్లెక్స్

చిల్లర వ్యాపారానికి ఇది దాదాపు ఎప్పుడూ తప్పే. చెన్నైలో పాండీ బజారు ఫుట్‌పాత్ వ్యాపారులను 2013లో కార్పొరేషన్ కట్టిన కాంప్లెక్స్‌లోకి మార్చారు. గిరాకీ పడిపోయిందన్నది వాళ్ల ఫిర్యాదు. పది రూపాయల మల్లెపూల కోసం మెట్లెక్కేవాళ్లు ఎవరు? 2019లో అదే వీధిని దాదాపు 40 కోట్లతో విశాలమైన ఫుట్‌పాత్‌లుగా మార్చారు, బండ్లు మధ్యలో ఇంకా నడుస్తున్నాయి, కార్లకు విడిగా పార్కింగ్ భవనం కట్టారు. చెన్నై వెళ్లినప్పుడు చూడదగ్గ వీధి, అంత బడ్జెట్ మనకు వస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు.

హోల్‌సేల్ వేరే కథ. మద్రాసు జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకు మారింది. లారీలు ఊరి నడిబొడ్డు నుంచి బయటికి పోయాయి. మీ బజారులో తెల్లవారుజామున టమోటా లారీలే సమస్యైతే మార్చాల్సింది మండీని. చిల్లర కూరగాయల వాళ్లను దాంతో పాటు పంపేయకూడదు.

తోపుడు బండ్లను తీసేయడం ఇష్టమొచ్చినట్టు కుదిరే పని కూడా కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ చట్టం కింద ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఊరి జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలి. లక్ష జనాభాకు 2,500 మంది. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందా, ఆఖరిసారి ఎప్పుడు కూర్చుంది అని కమిషనర్‌ను రాతపూర్వకంగా అడగండి. జవాబు ఆలస్యమైతే అదీ ఒక జవాబే.

పని చూసే మనిషి, తాళాలు

అమెరికాలో వీధులు మూసి దెబ్బతిన్న ఊళ్లు ఉన్న కాలంలోనే ఇంకో దారి కూడా మొదలైంది. 1977లో అక్కడి వారసత్వ పరిరక్షణ ట్రస్టు మూడు చిన్న ఊళ్లను తీసుకుని ఒక్కో ఊరి బజారుకు ఒక్కో మేనేజర్‌ను పెట్టింది. పాత భవనాలకు చిన్న మరమ్మతులు, వ్యాపారుల సంఘం, సంతలు, ఖాళీ షాపులకు కొత్త అద్దెదారులను వెతకడం వాళ్ల పని. అదే తర్వాత మెయిన్ స్ట్రీట్ పేరుతో దేశమంతా పాకింది. మన దగ్గర దీనికి పథకం లేదు, కానీ పథకం అక్కర్లేదు కూడా. నూట యాభై షాపులు నెలకు 200 చొప్పున వేసుకుంటే 30,000 అవుతుంది. ఊళ్లో డిగ్రీ చదివిన ఒక చురుకైన అమ్మాయో అబ్బాయో ఈ పనికి దొరుకుతారు.

ఇప్పుడు ఆ షట్టర్ల సంగతి. వాటికి తాళాలు వేసింది చాలావరకు మనమే, బెంగళూరులో ఉన్నవాళ్లం. అన్నదమ్ముల మధ్య భాగాలు తెగలేదు. లేదా అద్దెకిస్తే ఖాళీ చేయరన్న భయం. లేదా ఎప్పటికైనా ధర పెరుగుతుందన్న ఆశ. మనం గ్రూపులో గ్రానైట్ ఫుట్‌పాత్ అడుగుతూ మన షాపు షట్టరుకు మాత్రం తుప్పు పట్టనిస్తున్నాం. పది షాపుల వరసలో మూడు మూసి ఉంటే అటువైపు నడిచేవాళ్లు తగ్గుతారు, నాలుగోదీ మూతపడుతుంది.

భయం తీరే దారి ఉంది. పదకొండు నెలల అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికని రాస్తుంటారు, అది నిలకడైన అద్దెదారును మాత్రం తేదు. పదకొండు నెలల కోసం ర్యాకులు, లైట్లు, బోర్డు పెట్టేవాళ్లు ఎవరు? మూడేళ్లకో, ఐదేళ్లకో లీజు రాసి రిజిస్టర్ చేయించండి. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ ఎలాగూ తప్పనిసరి, ఖాళీ చేయించాల్సి వస్తే అదే గట్టి కాగితం. భాగాలు తెగకపోతే అన్నదమ్ములందరూ సంతకం పెట్టి అద్దె సమానంగా పంచుకోవచ్చు. మొదటి ఆరు నెలలు సగం అద్దెకు ఇవ్వడానికి ముందుకొచ్చినవాళ్ల షాపులు ఇంకా త్వరగా తెరుచుకుంటాయి.

ఏ ఊరికి ఏది

పాల లెక్క బాగుండి బజారు ఇరుకైతే: కాలువ, ఫుట్‌పాత్, వన్‌వే. ఇంకేం వద్దు. పాల లెక్క పడిపోయి షట్టర్లు మూసి ఉంటే రోడ్డు పని తర్వాత చూసుకోవచ్చు, ముందు మనిషిని పెట్టుకుని తాళాలు తీయించండి, ఆటో స్టాండును బజారు మొదట్లోకి తెప్పించండి. గుడి, కోనేరు, పాత సంత చావడి లాంటివి ఉన్న ఊళ్లో వారానికో సాయంత్రం బండ్లు ఆపి చూడొచ్చు. లారీల గొడవ ఉన్న చోట మండీ మార్పు. వెడల్పు ఆ ఒక్క మూలకే.

ఏది ఎంచుకున్నా శాశ్వతంగా కట్టకముందు నెల రోజులు సున్నం గీతలు, డ్రమ్ములు, తాళ్లతో చేసి చూడండి. ఫుట్‌పాత్ వచ్చే చోట గీత గీసి అటువైపు బండి పెట్టనివ్వకండి. ప్రయోగం చేసే నెల పండగ నెల కాకూడదు. ఉగాదికి ముందు రెండు వారాలు ఎలాగూ జనం వస్తారు, అది చూసి ప్రయోగం బాగా జరిగిందనుకుంటే మోసపోతాం. ఆషాఢంలో పెట్టుకోండి, పెళ్లిళ్లు ఉండవు, వ్యాపారులకు తీరిక ఉంటుంది. నెల మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి టీ కొట్టు పాల లెక్క, రెండు పూటల వీడియోలు తీసి పెట్టుకోండి. వాటితో పాటు వ్యాపారుల సంతకాలున్న ఒక కాగితాన్ని జనవరి లోపే కమిషనర్‌కు ఇవ్వండి. మార్చిలోగా మున్సిపల్ బడ్జెట్ తయారవుతుంది కాబట్టి ఆ తర్వాత ఇచ్చిన అర్జీకి వచ్చే ఏడు చూద్దామన్న జవాబే వస్తుంది.